సగటు రాసిన నాలుగు రోజులు

ముప్పయ్యొక్క ఏళ్లు నేను కరెంటు మీటర్లు చదివాను. ఛత్రినాకలో మొదలుపెట్టి బహదూర్‌పురా దాకా పాతబస్తీలో నా కాలు పడని గల్లీ లేదు. ఇందులో గొప్పేమీ లేదు, ఉద్యోగం అలాంటిది. చంకలో పొడవాటి రీడింగు పుస్తకం, చెవి మీద పెన్ను, చొక్కా జేబులో చిన్న టార్చి. మీటర్లు మెట్ల కింద ఉండేవి, మేకలు కట్టేసిన మూలల్లో ఉండేవి, పాత దర్వాజాల వెనక బూజు పట్టి ఉండేవి. లోపల ఒక అల్యూమినియం చక్రం తిరుగుతుండేది. దాని అంచు మీద ఎర్రటి గుర్తు. ఆ గుర్తు ఎంతసేపటికి మళ్లీ కనిపిస్తుందో చూసి, ఆ ఇంట్లో ఒక్క పంకాయే తిరుగుతోందో, లేక ఎవరైనా చాటుగా హీటరు వేసుకున్నారో చెప్పేవాణ్ని.

తలుపు తట్టి "బిజిలీ" అని అరిస్తే, పరదా వెనక నుంచి "ఠైరో భాయ్" అని ఒక గొంతు వచ్చేది. లోపల సర్దుకునే దాకా నేను గోడ వైపు తిరిగి నిలబడేవాణ్ని. ఎండాకాలంలో గ్లాసుడు మజ్జిగ ఇవ్వకుండా పంపని ఇళ్లు ఉండేవి. ఆ మజ్జిగ రుచి, ఆ చీకటి గుమ్మాల చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. కొత్త మీటర్లు వచ్చాక అంకెలు వాటంతటవే లోపల నిలవ ఉండటం మొదలైంది. అప్పటికి నా ఉద్యోగం చివరికొచ్చింది.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్న ఒక పని గురించి చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ప్రతి నెలా కొన్ని ఇళ్లకు తాళం ఉంటుంది. అప్పుడు గత నెలల వాడకం చూసి సగటు వేసి, పక్కన 'డోర్ లాక్' అని రాయాలి. అది నియమమే. తాళం లేని ఇంటికి కూడా అలా రాయడం మాత్రం నియమం కాదు, మా అలవాటు. మూడో అంతస్తు అనుకోండి, మెట్లు నిటారుగా ఉన్నాయనుకోండి, మధ్యాహ్నం పన్నెండు దాటిందనుకోండి. కిందే నిలబడి సగటు రాసేసేవాళ్లం. అంకె మరీ ఎగిరినా, మరీ పడినా ఆఫీసులో ప్రశ్న వస్తుంది. నున్నగా ఉన్న అంకెను ఎవరూ ప్రశ్నించరు. ఆ నునుపు తీసుకురావడంలో నాకు మంచి పేరుండేది.

ఒకసారి బహదూర్‌పురాలో నేను కింద నిలబడి 'డోర్ లాక్' అని గట్టిగా అనుకుంటూ రాస్తుంటే, పైనుంచి ఒక ముసలామె పిట్టగోడ మీదికి వంగి, తాళమెక్కడిదని, తను పైనే కూర్చుని ఉన్నానని అరిచింది. "అరే బిజిలీవాలే, తాలా కాఁ హై? మై ఊపర్ బైఠీ వీ హూఁ నా!"

"అగ్లే మహీనే, అమ్మా," అని వచ్చే నెలకు వాయిదా వేసి నేను సైకిలెక్కాను.

ఆ సాయంత్రం ఇంట్లో దీన్ని హాస్యంగా చెప్పాను. నా భార్య ముందు నవ్వింది. తర్వాత చేతిలో పని ఆపి నా వైపు చూసింది.

"ఇంట్ల మనిషి కూసోని ఉంటే తాళం ఉన్నదని రాస్తవా? ఆ ముసలామె మంచిది. నేనైతే మీదికెళ్లి చెంబెడు నీళ్లు గుమ్మరిస్తుంటి."

ఆమె చేతిలో పని ఇస్త్రీ. పెళ్లైన కొత్తలో మలక్‌పేటలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. తెల్లవారుతూనే రేసు గుర్రాలను నడిపించుకుపోయే చప్పుడు వినిపించేది. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఏది ఏ రంగుదో నాకు చెప్పేది. నేను ముసుగు తీయకుండానే ఊ కొట్టేవాణ్ని. తర్వాత ఛత్రినాకలో రెండో అంతస్తు ఇంటికి వచ్చాం. ఇక్కడ మెట్ల కింద ఒక బల్ల, దాని మీద రెండు పాత దుప్పట్లు, బొగ్గుల ఇస్త్రీ పెట్టె పెట్టుకుని ఆమె గల్లీ బట్టలన్నీ ఇస్త్రీ చేసేది. మాకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఇద్దరమే. గల్లీ అంతా ఆమె బల్ల చుట్టూ ఉండేది.

పెట్టె మూత ఎత్తి బొగ్గుల మీద ఊదేది. ఒక్క ఊపిరితో నివురంతా లేచిపోయి బొగ్గులు ఎర్రబడేవి. ఆ ఊపిరితోనే రెండో అంతస్తు నుంచి నన్ను పిలిస్తే, గల్లీ చివర ఛాయ్ తాగుతున్న నాకు వినపడేది. "ఇంటామె పిలుస్తున్నది అన్నా, సగం కప్పు ఇడిసి పో," అని దోస్తులు ఎగతాళి చేసేవాళ్లు. బోనాల ఆదివారం నెత్తి మీద బోనం, దాని మీద దీపం, ముఖానికి పసుపు పెట్టుకుని గుడి దాకా ఎక్కడా ఆగకుండా నడిచేది. నేను వెనక చెప్పులు పట్టుకుని ఆయాసపడేవాణ్ని.

కరెంటు ఇస్త్రీ పెట్టె కొనమని ఆమె చాలాసార్లు అడిగింది. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే నాకు డిపార్ట్‌మెంటులో మాట వస్తుందని వద్దన్నాను. ఊరంతా తప్పుడు సగటు రాసే మనిషి తన ఇంటి దగ్గర మాత్రం అంత నియమంగా ఉన్నాడు. ఇరవై రెండేళ్లు ఆమె బొగ్గులు ఊదింది.

తర్వాత పొడి దగ్గు మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, మెత్తగా సాగాల్సినవి ఎండు పీచులా అయిపోతున్నాయని డాక్టర్లు చెప్పారు. బొగ్గుల వల్లేనా అని నేను అడిగాను. అయ్యుండవచ్చు, కాకపోవచ్చు, ఎందుకొచ్చిందో తేల్చి చెప్పలేమన్నారు. ఆ మాట నాకు కొంత ఊరట ఇచ్చింది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండేళ్లు ఇంట్లో ఆక్సిజన్ మిషను నడిచింది. కరెంటు పోతే సిలిండరు దగ్గరికి పరుగెత్తేవాణ్ని. చివరికి ఊపిరితిత్తులు మార్చడం తప్ప దారి లేదన్నారు. పేరు రాసుకుని ఎదురుచూశాం. ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది. ఎవరో చనిపోయారు, వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకున్నారు, వెంటనే రమ్మన్నారు. ఆ చనిపోయింది ఎవరన్నది మాకు చెప్పలేదు, అడగకూడదన్నారు. కంచాలు అక్కడే వదిలి ఆటో ఎక్కాం. దారిలో ఆమె ఒక్కటే అన్నది. "ఎవలింట్లనో ఇయ్యాల ఏడుస్తున్నరు. మనకిస్తే పదిలంగ జూసుకోవాలె."

ఆపరేషన్ అయ్యి, ఐసీయూ అయ్యి, వార్డు అయ్యి ఇంటికి పంపే ముందు మా ఇద్దరికీ రెండు రోజులు పాఠాలు చెప్పారు. చెప్పింది మార్పిడి రోగుల బాగోగులు చూసే నర్సమ్మ. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయి, మాట మెత్తన, పట్టు గట్టిది.

"అంకుల్ గారూ, మా పని ఇక్కడితో సగమే అయిందండీ. మిగతా సగం మీది," అన్నది. "కొత్త ఊపిరితిత్తుల్ని ఒళ్లు ఇంకా తనవి అనుకోదు. పరాయివని తోసేయాలని చూస్తుంది. అందుకే ఈ మందులు. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. పది నిమిషాలు కూడా అటూ ఇటూ వద్దు. రక్తపరీక్ష ఉన్న పొద్దున మాత్రం రక్తం ఇచ్చాకే మాత్ర."

మట్టికుండీలు ఇంట్లో వద్దన్నది. పావురాలు వాలే చోట కూర్చోవద్దన్నది. కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి, బయటి చట్నీ ముట్టకూడదు, పంపర పనస అసలు తినకూడదు, అది మందు లెక్కను తారుమారు చేస్తుంది. అన్నిటికన్నా నాకు వింతగా అనిపించింది దగ్గు సంగతి. మార్చేటప్పుడు నరాలు తెగిపోతాయి కాబట్టి, లోపల కఫం చేరినా కొత్త ఊపిరితిత్తులకు తెలియదట. దగ్గు దానంతటది రాకపోవచ్చు. వేళకు మనమే కావాలని దగ్గాలి.

చివరగా అరచేతిలో పట్టే చిన్న మిషను చూపించింది. నిండుగా గాలి పీల్చి, ఒక్క ఉదుటున, ఆఖరు దాకా ఊదాలి. మొదటి సెకనులో ఎన్ని లీటర్ల గాలి వచ్చిందో అంకె పడుతుంది. రోజూ పొద్దున మూడుసార్లు ఊది, పెద్ద అంకెను పుస్తకంలో రాయాలి.

నా భార్య బొగ్గుల మీద ఊదినట్టు బుగ్గలు పూరించి ఉఫ్ మన్నది.

"అలా కాదు ఆంటీ, పొట్టలోంచి," అని నవ్వింది ఆ అమ్మాయి. తర్వాత నా వైపు తిరిగింది. "తేడా వస్తే ముందు చెప్పేది ఇదేనండీ. జ్వరం రాకపోవచ్చు, నొప్పి రాకపోవచ్చు. అంకె పదోవంతు తగ్గిందా, ఆ రోజే నాకు ఫోన్ చేయాలి. మర్నాటి దాకా ఆగొద్దు. తొలి రోజుల్లోనే పట్టుకుంటే సరిచేయవచ్చు. ఆలస్యమైతే పోయింది పోయినట్టే."

"రీడింగుకు నువ్వేం ఫికర్ జెయ్యకు బిడ్డా," అన్నది నా భార్య. "ముప్పై ఏండ్లు మా ఆయన జేసిందే గా పని."

నాకు గర్వంగా అనిపించింది. ఇంటికి వచ్చాక పొడవాటి పుస్తకం కొని, స్కేలు పెట్టి గళ్లు గీశాను. తేదీ, జ్వరం, బరువు, బీపీ, మందు వేసిన వేళ, ఊదిన అంకె.

ఆ మొదటి నెలలు మా జీవితంలో మంచి నెలలని ఇప్పుడనిపిస్తుంది. ఇల్లంతా సున్నం వేయించాను. డాబా మీద పావురాలు వాలకుండా వల కట్టాను. ఆమె ప్రాణంగా పెంచుకున్న మల్లె కుండీని ఎదురింటివాళ్లకు ఇచ్చేశాను. సాయంత్రం ఆరు కాగానే కుర్చీలు వేసుకుని ఇద్దరం దగ్గేవాళ్లం. ఒక్కతే దగ్గాలంటే ఆమెకు నామోషీగా ఉందని నేనూ కలిపేవాణ్ని. ఎదురింటామె కిటికీలోంచి, "ఏందక్కా, ఆలుమగలు పోటీ వెట్టుకున్నరా?" అని అడిగితే, నా భార్య, "ఆయన ఓడిపోతుండు గదనే!" అని అరిచి చెప్పింది. అరిచి! రెండేళ్ల తర్వాత ఆ గొంతు గల్లీ అవతలికి వినపడింది. నేను లోపలికెళ్లి ముఖం కడుక్కున్నాను.

అంకె 1.79 ఉండేది, ఒకరోజు 1.86, మరోరోజు 1.81. నాలుగు నెలలు ఆ చుట్టుపక్కలే ఊగింది. నిలకడగా ఉంది కదా అని నాకు ధైర్యం వచ్చింది. మీటరు చదివేవాడికి అలాంటి ధైర్యం మంచిది కాదు.

బోనాలు దగ్గరపడ్డాయి. గురువారం పొద్దున ఆమె మందు వేసుకుని మళ్లీ పడుకుంది. "ఇయ్యాల ఒళ్లంత బరువుగున్నదయ్యా, పొద్దెక్కినంక ఊదుత," అన్నది. పది గంటలకు నేను పాత దోస్తులతో ఛాయ్ తాగడానికి వెళ్లాలి. పుస్తకం తెరిచి ఉంది. ఆ గడి ఖాళీగా ఉంది. నా చెయ్యి దానంతటది 1.83 అని రాసింది. నేను ఆలోచించానని చెప్పలేను. ముప్పయ్యొక్క ఏళ్లు నేర్పిన చెయ్యి అది. తిరిగొచ్చేసరికి గడి నిండి ఉంది కాబట్టి, ఊదమని అడగాలన్న సంగతే గుర్తు రాలేదు.

శుక్రవారం ఆమె ఊదింది. 1.66 వచ్చింది. మిషను దులిపి మళ్లీ ఊదమన్నాను. 1.63, 1.65. ఆమె కళ్లద్దాలు తీసి ఉంది, చిన్న అంకెలు కనపడవు.

"ఎంతచ్చిందయ్యా?"

"ఎప్పటి లెక్కనే."

"అట్లనా? దమ్ము సరిగ పడ్డట్టు లేదు నాకు."

"ఊదేటప్పుడు కొసకు ఇడుస్తున్నవ్. రేపు సరిగ ఊదు."

పుస్తకంలో 1.82 రాశాను. పదోవంతు ఇంకా పూర్తిగా తగ్గలేదు కదా అని లెక్క చెప్పుకున్నాను. అసలు కారణం వేరే ఉంది. 1.66 రాస్తే నిన్నటి 1.83 అబద్ధమని తేలుతుంది. రెండోది కూడా ఉంది. ఫోన్ చేస్తే రమ్మంటారు, అడ్మిట్ చేస్తారు. ఆదివారం బోనం ఎత్తలేకపోయినా, మా డాబా మీద నిలబడి చూస్తానని ఆమె నెల రోజులుగా అంటోంది. కొత్త చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. పండగ అయిపోయాక చూసుకుందాం అనుకున్నాను. ఆమె కోసమే అనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉండింది.

శనివారం 1.64. అంటే గీత దాటింది. 1.83 రాశాను. ఆదివారం 1.61. 1.82 రాశాను.

ఆ సాయంత్రం గల్లీలో డప్పులు మొదలయ్యాయి. ముఖానికి మాస్కు, కొత్త చీర, నుదుట పెద్ద బొట్టు పెట్టుకుని ఆమె డాబా మెట్లు ఎక్కింది. పన్నెండు మెట్లు. అంతకు వారం ముందు మాట్లాడుతూ ఎక్కిన మెట్లు అవి. ఆరో మెట్టు మీద ఆగి గోడకు చెయ్యి ఆనించింది.

"ఏమైందే?"

"ఏం లేదు, జనాన్ని జూస్తున్న."

ఆ మెట్టు మీద నుంచి జనం కనపడరు. ఎదురుగా ఉన్నది మా సున్నం గోడ. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం కాసేపు ఆ గోడనే చూశాం. పైకెళ్లాక వరసగా సాగిపోతున్న బోనాలను, దీపాలను చూస్తూ ఆమె చేతులు జోడించింది. డప్పు మాత్రం నాకు వినిపించలేదు. పక్కన ఆమె ఊపిరి ఎంత తొందరగా వస్తోందో అదొక్కటే వినిపించింది. పాత రోజుల్లో ఎర్ర గుర్తు వేగంగా తిరిగితే లోపల ఏదో నడుస్తోందని నాకు తెలిసిపోయేది.

ప్రతి సోమవారం పుస్తకం పేజీ ఫోటో తీసి నర్సమ్మకు పంపాలి. పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"అంకుల్ గారూ, ఆంటీ ఎలా ఉన్నారండీ?"

"మంచిగున్నది మేడం."

"నాలుగు రోజుల నుంచి 1.83, 1.82, 1.83, 1.82 అని ఉందేంటండీ?"

"మంచిదే గద మేడం, తగ్గలే."

"తగ్గలేదు, పెరగలేదు. మనిషి ఊపిరి అలా ఉండదండీ. అంతకుముందు పేజీ చూడండి, ఎంత ఊగుతుందో. మిషను సరిగా పనిచేస్తోందా?"

ఆ అమ్మాయి నాకు ఒక తలుపు తెరిచింది. నేను అందులోంచి దూరిపోయాను. "బ్యాటరీ వీక్ అయినట్టున్నది మేడం."

"అయితే మిషను తీసుకుని, ఆంటీని తీసుకుని ఇప్పుడే వచ్చేయండి. ఊదిన ప్రతిదీ లోపల నిలవ ఉంటుంది. కంప్యూటరుకు పెడితే తెలిసిపోతుంది."

ఫోన్ పెట్టేశాక మిషను, పుస్తకం సంచిలో పెట్టాను. కొత్త మీటర్లు కూడా ఇలాగే అంకెలు లోపల దాచుకునేవి.

ఆసుపత్రిలో డాక్టరుగారు పెద్దాయన, తొందరపడని మనిషి. మిషనుకు తీగ తగిలించగానే తెర మీద అంకెల వరస పడింది. గురువారం ఎదుట ఏమీ లేదు. శుక్రవారం 1.66. శనివారం 1.64. ఆదివారం 1.61. ఆయన నా పుస్తకం తీసుకుని తెర పక్కన పెట్టారు. నా భార్య చేతిసంచిలోంచి నెమ్మదిగా కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. తెర చూసింది. పుస్తకం చూసింది. నా వైపు చూడలేదు.

"ఇవి ఇలా ఎందుకు రాశారు?" అని అడిగారు డాక్టరు.

నేను పుస్తకం అంచు సర్దాను.

"నేనే గట్ల రాయమన్న సార్," అన్నది నా భార్య. "పండుగ పూట దవాఖానల పడేస్తరని భయమైంది."

అప్పుడు చెప్పాల్సింది. కుర్చీలోంచి లేచి, "లేదు సార్, ఆమెకు తెలియదు," అనాల్సింది. ఆరు మాటలు కూడా పట్టవు. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకున్నాను. డాక్టరు ఆమె ఫైలులో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. జీవితమంతా తలకిందులుగా, చీకట్లో అంకెలు చదివినవాణ్ని. బల్లకు ఇవతల నుంచి అది చదవడం నాకు కష్టం కాలేదు. రోగి రీడింగులు దాచినట్టు అందులో ఉంది.

ఆ మధ్యాహ్నమే గొట్టం వేసి లోపల చూశారు. అతుకులు బాగానే ఉన్నాయి. ఒళ్లు కొత్త ఊపిరితిత్తుల్ని తోసేయడం మొదలుపెట్టిందని, లోపల నుంచి తీసిన చిన్న ముక్కల పరీక్షలో తేలింది. మూడు రోజులు నరానికి గట్టి మందు ఎక్కించాలన్నారు.

రెండో రోజు సాయంత్రం వార్డులో ఆమె మంచం పక్కన కూర్చున్నాను. సీసాలోంచి చుక్క చుక్కగా మందు దిగుతోంది. కిటికీ అవతల వాన పడుతోంది. ఆమె పైకప్పును చూస్తూ అన్నది.

"తలుపు తెరిసే ఉండె గదయ్యా. నేను ఇంట్లనే ఉంటి గద."

తిట్టలేదు. ఏడవలేదు. ఆ బహదూర్‌పురా ముసలామెను ఆమె ఇన్నేళ్లు మరిచిపోలేదని నాకప్పుడు తెలిసింది. ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను. సూది ఉన్న చెయ్యే నా వైపు ఉంది.

బయటికి వస్తే వరండాలో నర్సమ్మ ఎదురైంది. ఆ ఫైలులో రాసిన మాట వల్ల ఏమవుతుందని అడిగాను.

"ఏమీ కాకపోవచ్చండీ. కానీ రేపెప్పుడైనా ఆంటీ విషయంలో పెద్ద నిర్ణయం తీసుకోవాల్సొస్తే, చెప్పినట్టు నడుచుకునే పేషెంటేనా అని ముందు చూస్తారు. ఆ మాట అక్కడ ఉండిపోతుంది."

మర్నాడు పొద్దున డాక్టరుగారి గది ముందు అందరికన్నా ముందు నిలబడ్డాను. లోపలికెళ్లి కూర్చోలేదు.

"సార్, ఆమెకు తెల్వదు. నేనే రాసిన. ఆమె అడిగితే ఎప్పటి లెక్కనే అని అబద్ధం జెప్పిన. మొన్న మీ ముంగట నన్ను కాపాడనీకి గట్ల అన్నది. నేను నోరు మూసుకున్న."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గురువారం ఊదిందా?"

"ఊదలేదు సార్. నేను ఊదియ్యలే."

"మందులు? అవి కూడా ఇలాగే రాశారా?"

"మందులు నా చేత్తోటి ఏసిన సార్. ఒక్క పూట తప్పలే. అది నిజం." నా మాటను ఆయన ఎందుకు నమ్మాలో నాకే తెలియలేదు. "కావాలంటే రక్తంల చూడుండ్రి."

"చూశాం. సరిగానే ఉంది," అన్నారు. ఫైలు తెరిచి, ఆ వాక్యం కింద ఇంకొకటి రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. ఈసారి నా వైపు తిప్పి చూపించారు. రోగి తప్పేమీ లేదని, ఇంటి మనిషి దాచానని ఒప్పుకున్నాడని ఉంది.

"ఆ నాలుగు రోజుల వల్ల ఎంత పోయింది సార్?"

"తెలియదు. ముందే వచ్చినా కొంత పోయేదేమో. అసలు పోయేది కాదేమో. చెప్పగలను అంటే అది కూడా మీ అంకెల్లాంటిదే అవుతుంది."

ఇంటికి వచ్చాం. నెల తర్వాత అంకె 1.71 దగ్గర ఆగింది. అక్కడే ఉంది. 1.86 మళ్లీ రాలేదు. మెట్లు ఎక్కుతుంది, ఎనిమిదో మెట్టు మీద ఒకసారి ఆగుతుంది. జనాన్ని చూస్తున్నానని ఇప్పుడు చెప్పదు. "జర ఆగిన," అంటుంది. నేనూ ఆగుతాను.

పుస్తకం ఇక నీ దగ్గరే పెట్టుకొమ్మని ఆమెకు ఇచ్చాను. తీసుకోలేదు.

"నీ అక్షరం మంచిగుంటది. నువ్వే రాయి," అన్నది. "గని నేను అద్దాలు వెట్టుకునే దాంక రాయకు."

ఇప్పుడు పొద్దున్నే ముందు కళ్లద్దాలు వస్తాయి, తర్వాత మిషను. ఆమె అంకె పైకి చదువుతుంది. నేను రాస్తాను. రాసింది ఆమె మళ్లీ చదువుతుంది. నన్ను క్షమించిందా అని అడగలేదు. రోజూ రెండుసార్లు చదివే మనిషిని ఆ మాట అడగడానికి నోరు రాదు.

మొన్న ఒక పొద్దున మిషను నిజంగానే పనిచేయలేదు. ఈసారి బ్యాటరీయే. దుకాణాలు ఇంకా తెరవలేదు. ఎదుట గడి ఖాళీగా ఉంది. పెన్ను నా చేతిలో ఉంది.

ఆమె పక్క నుంచి గమనిస్తోంది. "ఏమన్న రాస్తవా?"

"లేదు."

"చెయ్యి గుంజుతుండాలె."

"గుంజుతుంది."

ఆమె నవ్వింది. నేను నర్సమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, ఇయ్యాల రీడింగు ఇంకా తీయలే. బ్యాటరీ అయిపోయింది. ఈసారి నిజంగనే."

"నిజమేనా అంకుల్?" అని ఆ అమ్మాయి నవ్వింది. "దొరకగానే ఊదించి చెప్పండి."

తొమ్మిదికి ఆమెకు మాత్ర ఇచ్చి, గల్లీ చివరికెళ్లి దుకాణం తెరిచే దాకా అక్కడే నిలబడ్డాను. షట్టరు లేస్తుండగానే దుకాణం అతన్ని పేరు పెట్టి పిలిచి బ్యాటరీ అడిగాను. ఒకప్పుడు ఇదే మూల మీద ఛాయ్ తాగుతూ ఆమె పిలుపు విని సగం కప్పు వదిలి పరుగెత్తేవాణ్ని. ఇప్పుడు పిలుపు ఇంత దూరం రాదు. అయినా తొందరగానే నడిచాను. నేను వచ్చేసరికి ఆమె తలుపు బార్లా తీసి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చినవా? తే," అన్నది.

మూడుసార్లు ఊదింది. 1.70, 1.68, 1.72. చదివి వినిపించింది. 1.72 అని రాసి, పక్కన ఊదిన వేళ కూడా రాశాను. తొమ్మిదీ నలభై. ఆలస్యం.